చదివింపులో మా అమ్మ పేరు

నా చిన్నప్పుడు మా నానక్‌రామ్‌గూడలో పుట్టినరోజు అనేది కలవారి ఇంటి సంగతి. మాకు పుట్టిన తేదీలే తెలియవు. నేను సీతాఫలాలు పండే రోజుల్లో పుట్టానని అమ్మ చెప్పేది, ఆ పండ్లు కంటబడితే నాకో ఏడు పెరిగినట్టు. కోరికలు మాత్రం మాకూ ఉండేవి. కాళ్లకు పట్టీలు, ఎర్ర రిబ్బన్లు, అంగట్లో చూసిన గాజులు, పూల లంగా అని నేను వరసగా చెబుతూ పోతుంటే అమ్మ రొట్టెలు చేసుకుంటూ వినేది. అన్నీ విని, అందులో ఒక్కటి చెప్పు అనేది. ఆ ఏడు నేను లంగా అన్నాను.

అప్పటికి నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి లేక నా బడి రెండేళ్లకే ఆగిపోయింది. మా నాయన బండలు కొట్టే పనిలో కాలు విరిగి మంచంలో ఉన్నాడు. ద్రాక్షతోటల్లో కూలి దొరికిన రోజు దొరికేది, లేని రోజు లేదు. ఆ సమయంలో పటేలుగారి బిడ్డ కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. నీళ్లు పోయడానికి మా అమ్మను పిలిచారు.

నీళ్లు పోయడం చూసేవాళ్లకు తేలిక. తెల్లారకముందే నీళ్లు కాచాలి. బాలింతకు ఒళ్లంతా నూనె రుద్ది తలకు పోయాలి. తర్వాత కాళ్లు చాపుకుని కూర్చుని, పసిగుడ్డును ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకుని, మెడ జారకుండా చూసుకుంటూ స్నానం చేయించాలి. సాంబ్రాణి పొగ వేసి, గుడ్డలన్నీ ఉతికి ఆరేస్తే అప్పుడు పని అయినట్టు. పొగకు కళ్లు ఎర్రబడి, నడుము పట్టుకుని ఇంటికొచ్చేది అమ్మ. బిడ్డను తొట్టెలలో వేసే ఉయ్యాల పండగ రోజున కూలి ఇస్తామన్నారు. ఒక చీర, దానితో రవికె గుడ్డ, గంపెడు జొన్నలు. ఆ జొన్నలతో నాయన లేచి తిరిగేదాకా ఇల్లు గడుస్తుందని అమ్మ ఆశ. కొత్త చీర చేతికొస్తే తన పాత చీర కోసి నాకు లంగా, ఆ రవికె గుడ్డతో జాకెట్టు కుట్టిస్తానంది.

తొట్టెల నాడు ఊరంతా అక్కడే ఉంది. బిడ్డను తొట్టెలలో వేశాక చదివింపులు మొదలయ్యాయి. ఎవరు ఏం కానుక తెచ్చారో పదిమందికీ వినిపించేలా చదవడం మా ఊళ్లో మా పక్కింటి పెద్దయ్య పని. మంచి గొంతు, మంచి మనసు. వెండి మొలతాడు తెచ్చినవాళ్ల పేరు మామూలుగా చదివి, చిన్న గిన్నె తెచ్చినవాళ్ల పేరు దగ్గర గొంతు పెంచేవాడు. మా వాడకట్టు వాళ్ల పేర్లన్నీ అయిపోయాయి. అమ్మ పెరటి గుమ్మంలో తడిసిన కొంగుతో నిలబడి ఉంది, చేతిలో ఏమీ లేదు. పెద్దయ్య అటు చూశాడు. మొగుడు మంచాన పడ్డ మనిషి, ఆమె పేరొక్కటి ఎందుకు మిగిలిపోవాలి అనుకున్నాడేమో, ముందు అమ్మ పేరు ఎత్తి, ఆపైన గట్టిగా చదివాడు.

"మా పక్కింటి చెల్లె చదివింపు, తల్లికి బిడ్డకు ఇన్నొద్దులు పోసిన నీళ్లు."

అందరూ తలలూపారు. పటేలుగారి భార్య అమ్మను ముందుకు పిలిచి బొట్టు పెట్టింది. అంత వెండి, ఇత్తడి మధ్య మా అమ్మ పేరు వినబడిందని నేను పొంగిపోయాను. అమ్మ మాత్రం గోడవారగా పెట్టి ఉన్న జొన్నల గంప వైపు చూస్తోంది.

భోజనాలు అయ్యాయి. మాకు తాంబూలం ఇచ్చారు. గంప ఊసు ఎవరూ ఎత్తలేదు. కూలి కాస్తా కానుక అయింది, కానుకకు కూలి ఎవరిస్తారు? ఇంటికొచ్చాక నాయన, పోనీలే, నలుగుర్లో పేరొచ్చింది అన్నాడు. పేరును పొయ్యి మీద పెట్టి ఉడకబెడదామా అంది అమ్మ. పొద్దుగూకే వేళ పెద్దయ్య నవ్వుతూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచి మాట వింటానని వచ్చాడు పాపం. అమ్మ నీళ్ల చెంబు చేతికిచ్చి చెప్పింది.

"నువ్వు మంచికే చేసినవ్ అన్నా. కానీ నా సొమ్ము నన్ను అడగకుండ ఇచ్చినవ్."

ఆయన చెంబు అరుగు మీద పెట్టి, తాగకుండానే లేచి వెళ్లాడు.

మర్నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని మళ్లీ ఆ ఇంటికే పోయింది. పని మానలేదు. ఎప్పటిలాగే తల్లికీ బిడ్డకూ నీళ్లు పోసి, పొగ వేసి, గుడ్డలు ఆరేసి, అప్పుడు వచ్చి వాకిట్లో పటేలుగారి భార్య ముందు నిలబడింది.

"నిన్న చదివింది నా చదివింపు కాదమ్మా. నా కూలి నాకియ్యిన్రి."

"ఏందే, ఊరంత విన్నది గదా. ఇచ్చినదాన్ని మళ్ల అడుగుతవా?"

"నేనియ్యలేదు. ఇస్తే నా చేతులతోని ఇస్త. ముందుగాల నా చేతికి రానియ్యిన్రి."

పెద్దామె ముఖం గంటు పెట్టుకుంది. లోపలి మంచం మీద నుంచి ఆమె కూతురే, ఇచ్చెయ్యమ్మా అని నీరసంగా అన్నది. గంప వచ్చింది, చీర వచ్చింది. అమ్మ రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది. మడతలోంచి రవికె గుడ్డ తీసి, తొట్టెల దగ్గరకు పోయి బిడ్డ కాళ్ల దగ్గర పెట్టింది. ఇది నా చదివింపు అని మెల్లగా అంది. అది నా జాకెట్టు గుడ్డ. నాకు ఏడుపు వచ్చింది. అమ్మ ఒక్క చూపు చూసింది, మింగేశాను.

ఆ ఇంట్లో తర్వాత కాన్పుకు అమ్మను పిలవలేదు, పక్క ఊరి మనిషిని తెచ్చుకున్నారు. నేను సీతాఫలాల కాలంలో కొత్త లంగా మీదికి వెలిసిపోయిన పాత జాకెట్టు తొడుక్కున్నాను. పెద్దయ్య మాత్రం ఆ తర్వాత ఏ ఇంట్లో చదివినా, ఏం చదవమంటవమ్మా అని అడిగి గానీ నోరు తెరవలేదు.

ఇప్పుడు ఆ ద్రాక్షతోటల చోట మెడ నొప్పెట్టేంత ఎత్తు మేడలు. వాటిలోకి లిఫ్టులో పోయి నేనూ పసిపిల్లలకు నీళ్లు పోస్తున్నాను. నీళ్లు కాచే బాధ లేదు గానీ మోకాళ్లు నావే. నా కొడుకు క్యాబు నడుపుతాడు, కోడలు ఆఫీసులో హౌస్‌కీపింగ్. పోయిన నెలలో మనవరాలి పుట్టినరోజు వచ్చింది. ఏమేం కావాలో ఫోన్లో వరసగా రాసి వాళ్లమ్మకు పంపింది. సైకిల్, లైట్లు వెలిగే బూట్లు, గడియారం, తన ఫొటో ఉన్న కేకు. అప్పుడే కిరాయి కట్టాం, స్కూలు ఫీజు కట్టాం. నేను పని చేసే ఇంటి అమ్మాయిది కాకినాడ వైపు, మంచి పిల్ల. మాటల్లో సంగతి తెలిసి చెప్పింది.

"ఈ నెల మీ డబ్బుల బదులు ఆ సైకిల్ మేం కొనిచ్చేస్తామండి అమ్మమ్మగారూ. పాపకి మా గిఫ్టుగా ఉంటుంది."

సైకిల్ ధర నా నెల జీతం కంటే ఎక్కువే. కాళ్ల మీద ఆమె బిడ్డ ఉంది. స్నానం కానిచ్చి, తుడిచి, తల్లి చేతికి అందించాక అన్నాను.

"నా పైసలు నాకియ్యి బిడ్డా. పిల్లకు ఏం కొనాల్నో నేను చూసుకుంట."

ఆమె ముఖం చిన్నబోయింది. ఆ సైకిల్ ఎక్కితే నా మనవరాలు ఆమెకు దండం పెట్టేది, నెలంతా వంగిన నా నడుము ఎవరికీ గుర్తుండేది కాదు. జీతం తీసుకుని లైట్ల బూట్లు కొన్నాను. మిగిలింది ఇంట్లోకి. ఇంట్లో నేను చెప్పిన మాట చెవిన పడి, సైకిల్ నువ్వే వద్దన్నవంట గదా నానమ్మా అని పిల్ల అలిగి పాయసం ముట్టలేదు. అలిగితే అలిగింది. మర్నాడు తింది.

అడగడం అలవాటైన మనిషినే గానీ, అడిగిన ప్రతిసారీ నా గొంతు వణుకుతూనే ఉంటుంది. మా అమ్మకు ధైర్యం ఎక్కువని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ పొద్దు వాకిట్లో ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డదాన్ని నేను. ఆ చెయ్యి అంతసేపూ వణుకుతూనే ఉంది. వణుకుతూనే అడిగింది. నేనూ అట్లాగే అడుగుతున్నాను.