హుస్టీనా ఆంటీ రాళ్ల మూట

మా ఇంట్లో దయ్యాలనేవి బైబిల్లో తప్ప ఇంకెక్కడా ఉండేవి కావు. కాకినాడలో పెరిగినన్నాళ్లూ నేను దేనికీ భయపడలేదు, కెనడాలోని కాల్గరీ వచ్చాక భయపడే తీరికే లేదు. ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం నాది. కంటికి కనిపించేదీ, రిపోర్టులో వచ్చేదీ తప్ప నమ్మను. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే చిరాగ్గా ఉంటుంది.

మా బేస్‌మెంట్‌లో హుస్టీనా ఆంటీ అద్దెకుండేది. పెరూలో, కుస్కో పైన కొండల్లో వాళ్ల ఊరు. ఇక్కడ స్కూళ్లు క్లీన్ చేసేది. ఆవిడ దగ్గర ఒక మూట ఉండేది. ఎర్రచారల ఊలు గుడ్డ, లోపల కొన్ని రాళ్లు. ఒకటి వాళ్ల గురువు ఇచ్చింది, ఒకటి వాళ్లమ్మది, ఒకటి మంచుకొండ దగ్గర దొరికింది. దాన్ని మేసా అంటారట. ఎక్కడికెళ్తే అక్కడ విప్పుకునే గుడి అన్నమాట.

పూజకు కోకా ఆకులు కావాలి, అవి ఇక్కడికి తేనివ్వరు. అందుకని నా దగ్గర బిర్యానీ ఆకులు అడిగి తీసుకెళ్లేది. మూడు ఆకులు కలిపి పట్టుకుని, ఊపిరి ఊది, రాళ్ల మీద పెట్టేది. నేను నవ్వేదాన్ని. ఆవిడా నవ్వేది.

నాకు అయిదో నెలలో గర్భం పోయింది. ఆడపిల్ల. మా ప్రార్థన గుంపు వాళ్లు వచ్చి, దేవుని చిత్తం అని చెప్పి, టీ తాగి వెళ్లారు. మా ఆయన ప్రభాకర్ ఇక ఆ మాట ఎత్తొద్దన్నాడు.

హుస్టీనా ఆంటీ మాత్రం నన్ను బో నది ఒడ్డుకు తీసుకెళ్లి, "నీ పాపకు ఒక రాయి ఏరు" అంది. ఉసిరికాయంత బూడిదరంగు రాయి ఏరాను. ఊపిరి ఊదమంటే ఊదాను. దాన్ని మిగతా రాళ్ల మధ్య పెట్టి చుట్టి, "మా అమ్మ పక్కన ఉంటుందిలే, ఒంటరిగా ఉండదు" అంది. నేను నమ్మానని కాదు. నా బిడ్డకు ఈ భూమ్మీద ఉన్న చోటు అదొక్కటే.

ఆ చలికాలం మా బావగారు, ప్రభాకర్‌కి అన్నయ్య, విండ్సర్ నుంచి వచ్చారు. అక్కడి చర్చి సంఘంలో ఆయనో పెద్ద. ఇంటి ప్రార్థన పెట్టించి, గదిగది గుమ్మానికీ ప్రార్థన చేసిన నూనె రాస్తూ బేస్‌మెంట్‌లోకీ దిగారు. నేను డ్యూటీలో ఉన్నాను, ఆంటీ స్కూల్లో ఉంది. తాళం తీసిచ్చింది మా ఆయనే. మూట విప్పి చూసి, రాళ్లన్నీ తీసుకెళ్లి నదిలో పారేశారు. మంచి ఊలని గుడ్డ మాత్రం వదిలేశారు. నేను వచ్చేసరికి అందరూ భోజనాలు చేస్తున్నారు.

"రాళ్లను వదిలి బయటికొచ్చిన కుటుంబమమ్మా మనది. మా నాయనమ్మ తను మొక్కిన రాయిని తన చేతుల్తోనే పీకేసింది. మళ్లీ అవి మన ఇంట్లోకేనా?" అన్నారు బావగారు, చాలా ప్రేమగా. ఆ ప్రేమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"అందులో నా పాప ఉంది" అన్నాను. ప్రభాకర్ నా ప్లేట్‌లో అన్నం వడ్డించాడు.

నేను నది దగ్గరికి వెళ్లాను. ఒడ్డున ఐసు, మధ్యలో నల్లటి నీళ్లు. అక్కడ ఉన్నవన్నీ రాళ్లే.

సంగతి తెలిశాక కూడా ఆంటీ ఏడవలేదు, అరవలేదు. ఖాళీ గుడ్డను మంచం మీద పరిచి, నాలుగు మూలలూ మడిచి, ఎప్పటిలాగే కట్టింది. ఆ వారాంతమే ఇల్లు ఖాళీ చేసింది. పట్టపగలు, కారులో సామాను సర్దుకుంటూ ఆ మూట అందించమంది.

ఎత్తబోయి ఆగిపోయాను. బరువుంది. రెండు చేతులూ వేయాల్సి వచ్చింది. గుడ్డలోంచి రాళ్ల అంచులు వేళ్లకు తగిలాయి. వేరే రాళ్లు పెట్టుకుందేమోనని ముడి విప్పాను. ఏమీ లేదు. మళ్లీ కట్టాను. మళ్లీ అదే బరువు.

ప్రభాకర్‌ని పిలిచి చేతికిచ్చాను. రెండు వేళ్లతో పట్టుకుని, "ఏముంది ఇందులో, ఉత్త గుడ్డేగా" అంటూ కారు సీటు మీదికి విసిరాడు. ఆంటీ నన్ను కావలించుకుని వెళ్లిపోయింది.

ఆ రాళ్లు పారేసిన సంగతిని బావగారు ఇప్పటికీ సంఘంలో సాక్ష్యంగా చెబుతుంటారు. మనసు చెదిరి మూట బరువుగా అనిపించిందేమోనని నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. కానీ మర్నాడు సిరంజి పట్టుకుంటే నా మణికట్లు నొప్పి పెట్టాయి. ఆ రోజు నేను ఎత్తిందేమిటో నాకు ఇప్పటికీ తెలీదు. ప్రభాకర్ అబద్ధమాడలేదని మాత్రం తెలుసు. ఆయన చేతికి నిజంగానే ఏమీ తగల్లేదు.