మా ప్రాప్‌కు తగిలిన దిష్టి

ఇప్పుడు చెప్పబోయేది ఒక మహాయుద్ధ గాథ. ఇందులో ఎదురెదురుగా నిలబడ్డ రెండు సైన్యాలున్నాయి. రాజ్యం చేజారిపోతుందేమోనని నిద్రపట్టని నాయకుడున్నాడు. వెయ్యి ఏనుగుల బలమున్న వీరుడున్నాడు. ఆ వీరుణ్ని గడప దాటనివ్వనని శపథం చేసిన తల్లి ఉంది. చదివేవాళ్లు కాస్త గుండె దిటవు చేసుకోవాలి.

అక్కర్లేదు. ఇది జహీరాబాద్‌లో రగ్బీ ఆడే మా జట్టు సంగతి. వెయ్యి ఏనుగుల వీరుడు చెరకు ట్రాక్టర్ నడుపుతాడు. శత్రుసైన్యం బీదర్ నుంచి టికెట్లు కొనుక్కుని బస్సులో వచ్చింది.

మా ఊళ్లో రగ్బీ అంటే ఏమిటో తెలిసినవాళ్లు మా జట్టులో వాళ్లే. వాళ్లలోనూ ఇద్దరు ముగ్గురి మీద నాకు అనుమానం ఉంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని పొట్టకు ఆనించుకుని ముందుకు ఉరకాలి, కానీ పక్కవాడికి ఇవ్వాలంటే వెనక్కే విసరాలి. మధ్యలో ఆట ఆగినప్పుడల్లా రెండు జట్లలోని బలమైనవాళ్లు తలలు వంచి, భుజాలు కలిపి, ఎదుటివాళ్లను తోస్తారు. దాన్ని స్క్రమ్ అంటారు. ముందు వరసలో నిలబడి ఆ తోపునంతా ఒంటి మీద మోసేవాడు ప్రాప్. కూలబోయే గోడకు ఆనించిన దూలం ఎట్లాగో, ఆటలో ప్రాప్ అట్లాగ.

మా ప్రాప్‌ది మొగుడంపల్లి. అందరం పెద్దోడు అంటాం. వయసులో నాకంటే చిన్నవాడే. మిగతా అన్నింటిలో పెద్దోడు.

మా కెప్టెన్ చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్. పుణెలో పనిచేసిన రోజుల్లో ఈ ఆట నేర్చుకుని, తిరిగొస్తూ అంటురోగం తెచ్చినట్టు మా ఊరికి తెచ్చాడు. రిపేరుకు ఏ రైతు వచ్చినా ముందు భుజాలు చూసేవాడు, తర్వాత ఇంజను చూసేవాడు. అట్లా ఒక్కొక్కణ్నే పట్టి జట్టు కట్టాడు. ఆ జట్టు తప్ప ఆయనకు వేరే పిచ్చి లేదు. పెళ్లిచూపులకు వెళ్లి, పిల్ల తమ్ముడి భుజాలు చూసి వచ్చిన మనిషి.

మా చుట్టుపక్కల జట్ల మధ్య జరిగే వారాంతపు పోటీలకు ఒక నియమం ఉంది. ముందు వరసలో తోపు నేర్చినవాళ్లు లేకపోతే ఆట పెట్టరు, ఎదుటి జట్టు గెలిచినట్టు రాసుకుంటారు. ఎందుకంటే తోపు రానివాణ్ని అక్కడ నిలబెడితే మెడ విరుగుతుంది. అంతకుముందే ఒకసారి, చెరకు నరికే సీజన్‌లో మా ముందు వరస మొత్తం పొలాల్లో ఉండిపోవడంతో, మేం ఆడకుండానే ఓడిపోయాం. ఇంకోసారి అట్లా అయితే పోటీల నుంచి జట్టు పేరు తీసేస్తామని చెప్పేశారు. ఆ ఆదివారం బీదర్‌తో ఆట. వాడి చోట నిలబడడానికి తోపు నేర్చినవాడు మాకు ఇంకొకడు లేడు. పెద్దోడు వస్తే జట్టు ఉంటుంది, రాకపోతే లేదు. విషయం అంతే.

ఇందులో నా పాత్ర ఏమిటంటే, నేను ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేస్తాను. జట్టులో బయట కూర్చునే ఆటగాణ్ని, అంటే అందరి చెప్పులకూ ఫోన్లకూ కాపలా. పుట్టినరోజు ఫ్లెక్సీలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు చేసి చేసి మనుషుల్ని పొగడడంలో చేయి తిరిగింది. రెండింటికీ విశేషణాలు దాదాపు ఒకటే, ఫొటో చుట్టూ పువ్వులే మారతాయి. అందుకని వారం వారం పోటీల ముందు ఏ ఆట ఎట్లా ఉండబోతోందో రాసి ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే పని నాకు అప్పజెప్పారు.

"అరే తమ్మీ, గీసారి జర జోర్దార్ రాయి," అన్నాడు కెప్టెన్. "సదివితే మనోళ్లకు హిమ్మత్ రావాలె, బీదరోళ్లకు సలిజరం రావాలె."

రాశాను. శనివారం నారాయణఖేడ్‌కూ సంగారెడ్డికీ ఆట: నారాయణఖేడ్ వింగర్ చిరుతలా ఉరుకుతాడు, ఎటు ఉరకాలో ఎవరైనా చెబితే ఇంకా బాగుంటుంది. సంగారెడ్డి వాళ్లకు కొత్త జెర్సీలు వచ్చాయి, ఆట పాతదే. ఆదివారం మాకూ బీదర్‌కూ: టెంట్‌హౌస్ నుంచి తెచ్చిన పందిరి గుంజలే గోల్ పోస్టులు కాబట్టి బంతి తగిలితే ఊగుతాయి, భయపడొద్దు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత పెద్దోడి దగ్గరికొచ్చేసరికి షాపు అలవాటు పైకి వచ్చేసింది. "కొండకు కాళ్లు మొలిస్తే మా ప్రాప్. తొడలు తాటిమొద్దులు, భుజాలు దర్వాజాలు. రోజుకు ఇతను తినే జొన్నరొట్టెలతో బీదర్ జట్టు మొత్తం వారం బతకొచ్చు."

అంతటితో ఆగినా బాగుండేది. షాపులో చివర చిరిగిన ఫ్లెక్సీ గుడ్డ ఒకటి మిగిలి ఉంటే, చేతులు కట్టుకుని నిలబడ్డ పెద్దోడి ఫొటో నిలువెత్తున కొట్టి, కింద అదే రాత వేసి, మొగుడంపల్లి చౌరస్తాలో కట్టించాను. నిలువెత్తు అంటే వాడి నిలువు కాదు, రెండు నిలువులు.

మర్నాడు పొద్దున్నే కెప్టెన్ ఫోన్.

"ఏం రాసినవ్‌రా నువ్వు?"

"ఎందుకన్నా, మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది. గదే వచ్చింది లొల్లి. పెద్దోనికి దిష్టి తగిలిందంట. వాళ్లవ్వ పంపనంటున్నది. నేను బండి తీసుకొస్తున్న, షాపుకాడ నిలవడు."

ఇద్దరం మొగుడంపల్లి పోయాం. ఇంటి ముందు పెద్దోడి తల్లి, వాడు పిలిచే అవ్వ, కూర్చుని, తవ్వి తెచ్చిన అల్లంగడ్డలకు మట్టి దులుపుతోంది. మనిషి పక్కనున్న అల్లం సంచి కంటే చిన్నది. ఇంత చిన్న మనిషికి అంత పెద్దోడు ఎట్లా పుట్టాడో వైద్యశాస్త్రం చూసుకోవాలి. పెద్దోడు మంచం మీద పడుకున్నాడు. కాళ్లు మంచం దాటి బయటికి వచ్చి ఉన్నాయి.

"వచ్చినవా కొడుకా! నీ చెయ్యి ఇరగ, ఎంత పని జేసినవ్!" అంది నన్ను చూడగానే. "సౌరస్తల నిలవెట్టినవ్ నా పోరణ్ని. పొయ్యేటోళ్లు వచ్చేటోళ్లు బండ్లాపి మరీ సూస్తున్రు. 'ఏం తిని పెరిగిండే వీడు' అంటున్రు. నరుని కండ్లకు నల్లరాయి గూడ పలుగుతది."

"ఇప్పుడు ఏమైంది పెద్దమ్మా వానికి?" అన్నాడు కెప్టెన్.

"రాత్రి సంది కడుపు వట్టుకొని తిరుగుతున్నడు. ఇంకేం గావాలె? ఉప్పు, మిర్చి దిగదీసి పొయ్యిల ఏసిన. ఒక్కరికన్న దగ్గు రావాలె గదా? రాలే! గంత గట్టి దిష్టి."

పెద్దోడు ముందురోజు సాయంత్రం ఫ్లెక్సీ కింద నిలబడి, వచ్చినవాళ్లందరితో సెల్ఫీలు దిగుతూ, వాళ్లు తినిపించిన మిర్చి బజ్జీలన్నీ తిన్నాడు. ఈ సంగతి నాకు తెలుసు, వాడికి తెలుసు, వాడి కడుపుకు తెలుసు. వాడు నావైపు చూసి కళ్లతోనే వద్దన్నాడు.

"గుడి కాడ తాయెత్తు కట్టిద్దాం పెద్దమ్మా," అన్నాడు కెప్టెన్. "వాడు రాకుంటే మన జట్టే ఉండదు. అంత ఖతం."

ఆమె అల్లంగడ్డ పక్కన పెట్టింది.

"వీళ్ల నాయిన గూడ గిట్లనే ఉండె. జాత్రల రాతిగుండు లేపిండు. 'అబ్బ ఏం మనిషి, ఏం మనిషి' అని ఊరంత అన్నరు. గదే ఆఖరు. మర్నాటి సంది నడుము వట్టుకుండు, మల్ల నిలవడి నడువలే. నేను సూసిన. మీరు సూడలే."

గుండు ఎత్తితే నడుము పోతుంది, దానికి ఎవరి కళ్లూ అక్కర్లేదు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను.

"మరి ఏం జేయాలె పెద్దమ్మా? నువ్వే చెప్పు," అన్నాడు కెప్టెన్.

ఆమె నావైపు చూసింది. "నలుగురి ముంగట పొగిడినవ్. నలుగురి ముంగటనే దిష్టి తియ్యి. పొగిడిన నోటితోనే తిట్టు. అప్పుడు తోలుత."

అట్లా ఆ వాకిట్లో, అల్లం వాసన మధ్య, ఆదివారం ఆటకు రెండో రాత మొదలైంది. ఆమెకు చదువు రాదు. నేను ఫోన్‌లో రాయడం, పైకి చదవడం, ఆమె ఒప్పుకోవడమో ఒప్పుకోకపోవడమో.

"మా ప్రాప్ మామూలు మనిషి," అని చదివాను.

"సాలదు."

"కాస్త సన్నగా ఉంటాడు."

"కాస్త ఎందుకు? రోగిష్టోని లెక్క ఉంటడని రాయి. దగ్గుతడని రాయి."

మంచం కిర్రుమంది. "అవ్వా, బీదరోళ్లు గూడ సదువుతరే!" అన్నాడు పెద్దోడు.

"సదువనీ. ఆళ్ల కండ్లే ఎక్కువ వడ్తయ్. కొడుకా, ముక్కు గూడ మంచిగుండదని రాయి."

"ముక్కు మంచిగనే ఉన్నది గదా!"

"ఉన్నదనే రాయుమంటున్న."

కెప్టెన్ ప్రతిదానికీ తల ఊపుతున్నాడు. పెద్దోడికి తోక ఉందని రాయమన్నా ఊపేవాడే. చివర్లో తనూ ఒకటి అందుకున్నాడు. "ఉరుకరాదని గూడ రాయి తమ్మీ."

"అన్నా!" అన్నాడు పెద్దోడు, నిజంగా నొచ్చుకుని.

"గది నిజమే గదరా."

అంతా అయ్యాక మొదటినుంచీ చదివించుకుంది. జీవితంలో నేను రాసినదాన్ని అంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరు. "ఆఁ, ఇప్పుడు మంచిగున్నది," అని, కొడుకు గురించి నేను రాసిన ఘోరమైన మాటలకు మురిసిపోతూ, మా ఇద్దరికీ చాయ్ పోసింది. చాయ్ తాగేలోపు దాన్ని అవే గ్రూపుల్లో పెట్టేశాను.

ఫ్లెక్సీ మాత్రం మిగిలింది. విప్పేద్దామంటే, సగంలో తీసేస్తే అరిష్టమంది. బుగ్గ మీద నల్లచుక్క పెట్టమంది. కెప్టెన్ బండి డిక్కీలో కాలిన ఇంజనాయిల్ డబ్బా ఉంటే, పాతగుడ్డ ముంచి, నిచ్చెనెక్కి, పళ్లెమంత చుక్క పెట్టాడు. ఇంజనాయిల్ ఆరదని మెకానిక్‌కు తెలియాలి కదా. ఎండకు అది కరిగి, బుగ్గ మీదుగా గడ్డం దాకా కారి, సాయంత్రానికి మా మహావీరుడు నల్లకన్నీళ్లు కారుస్తూ నిలబడ్డాడు. శనివారం ఎవరో పాపం శ్రద్ధాంజలి అనుకుని బంతిపూల దండ కూడా వేసిపోయారు. అది అవ్వ కంటపడకముందే తీసి అక్కడున్న బర్రెకు పెట్టాను. బర్రె ఏ అరిష్టమూ పట్టించుకోకుండా నమిలింది.

ఆదివారం పొద్దున బీదర్ జట్టు దిగిపోయింది. మా వాళ్లూ వచ్చారు, పెద్దోడు తప్ప. పోటీల తరఫున వచ్చిన రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు. కెప్టెన్ రోడ్డు మీదికి పోతాడు, వస్తాడు, మళ్లీ పోతాడు. బూట్ల లేసు కట్టుకోవడానికి వంగి, కట్టుకోకుండానే లేచాడు. నేను జోకు వేద్దామని దగ్గరికి పోయి, వేయకుండానే వచ్చాను.

అప్పుడు ట్రాక్టర్ చప్పుడైంది. పెద్దోడు నడుపుతున్నాడు. పక్కన మడ్‌గార్డు మీద అవ్వ, ఒళ్లో ఉప్పు, మిర్చి మూట. వాడి బుగ్గకు చుక్క, అరికాలికి చుక్క.

"బండి ఆగింది దార్ల," అన్నాడు పెద్దోడు.

"రిపేరు నేను జేస్తరా, జిందగీ అంత ఫ్రీగ జేస్త," అన్నాడు కెప్టెన్. దానికి సాక్షిని నేనే, ఇప్పటికీ గుర్తుచేస్తుంటాను.

బీదర్ కెప్టెన్ వాణ్ని కింది నుంచి పైదాకా చూశాడు. పైదాకా చూడడానికి కాస్త సమయం పట్టింది. "క్యా భాయ్, బీమార్ హై బోల్కే లిఖే థే నా?" అన్నాడు నాతో, జబ్బు మనిషని రాశావు కదా అని.

పెద్దోడు మర్యాదగా దగ్గి చూపించాడు.

నా రెండో రాతను వాళ్లు నిజంగానే చదివారు. మొదటి స్క్రమ్‌లో రోగిష్టివాడి వైపే బలమంతా పెట్టి తోశారు. వాడు కదల్లేదు. గేరులో నిలబెట్టిన ట్రాక్టర్‌ను తోసినట్టయింది. వాళ్లే మెల్లగా వెనక్కి జరిగారు. చూడ్డానికి వచ్చిన పదిమందీ చప్పట్లు కొట్టారు.

"సప్పట్లు గొట్టకున్రి! కండ్లు వడ్తయ్!" అని అవ్వ గట్టుమీద నుంచి లేచి అరిచింది. అందరూ చేతులు దించేశారు. ఆమె కూర్చుని, మళ్లీ ఆట చూసి, నాతో మెల్లగా అంది: "అవు కొడుకా, గిదేం ఆట? అందరు తలకాయలు వంచి పోయిన ముక్కుపుల్ల ఎతుకుతున్నట్టున్నరు."

ఆ తర్వాత చప్పట్లు కొట్టే అవసరం కూడా ఎవరికీ రాలేదు. స్క్రమ్ ఒక్కటే మాది, మిగతా ఆటంతా వాళ్లది. ఓడిపోయాం, బాగా ఓడిపోయాం.

ఆఖరి విజిల్ తర్వాత కెప్టెన్ నేరుగా రెఫరీ దగ్గరికి పోయాడు. "ఆట లెక్కల వడ్డట్టేనా సార్?"

"పడ్డది. మీ పేరు ఉంటుంది," అన్నాడాయన.

కెప్టెన్ అక్కడే నేలమీద కూర్చుని జెర్సీ పైకెత్తి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. చెమట అన్నాడు. చెమటే.

అవ్వ మూట విప్పింది. పెద్దోడితో ఆగకుండా జట్టు మొత్తాన్నీ వరసగా నిలబెట్టి దిగదీసింది, ఉప్పు మిగిలింది కదా అని బీదర్ వాళ్లకు కూడా. నాలుగు పుల్లలు అంటించి మిర్చి అందులో వేసింది. ఈసారి దగ్గు వచ్చింది. మాకు, వాళ్లకు, రెఫరీకి, అందరికీ, కళ్లలో నీళ్లు కారేంత. ఆమె మొహం విప్పారింది. ఎవరి కన్నూ మా మీద పడలేదని తేలిపోయింది. స్కోరు చూసినవాళ్లకు ఆ సంగతి ముందే తెలుసు.

పెద్దోడు, నేను, దగ్గుకుంటూనే గోల్ పోస్టులు పీకడం మొదలుపెట్టాం. చీకటి పడేలోగా వాటిని టెంట్‌హౌస్‌కు తిరిగివ్వాలి. మర్నాడు కోహీర్‌లో ఒక పందిరికి అవే గుంజలు బుక్ అయి ఉన్నాయి.