సత్రం వెనుక తోట

పెరుందేవమ్మ పులిహోర కలిపితే గోవిందరాజస్వామి గుడి వెనుక వీధంతా ఘుమఘుమలాడేది. భర్త పోయాక ఆమె పెళ్లిళ్లకూ తద్దినాలకూ వంట చేసి బతికింది. ఒకరి ముందు చేయి చాచలేదు.

భర్త పినతండ్రి కొడుకు ముకుందం ఏటా దసరా సెలవుల్లో ఒక బస్సు మాట్లాడి తిరుపతి జనానికి హైదరాబాదు చూపించుకొచ్చేవాడు. గోల్కొండ, చార్మినారు, జంతువుల పార్కు, బిర్లా మందిరం, పబ్లిక్ గార్డెన్స్ అని కరపత్రాలు అచ్చు వేయించేవాడు. అందులో అన్నిటికంటే పెద్ద అక్షరాలు ‘మడి భోజనం’ అన్నవే. ఆ భోజనం కోసం ఆచారం గల కుటుంబాలు అతని బస్సే ఎక్కేవి. అది వండేది పెరుందేవమ్మ.

బస్సు వెనక సీట్లో, వంట అండాల మధ్య కూర్చుని ఆమె హైదరాబాదుకు పోయేది. నాంపల్లిలో ఒక సత్రంలో దిగేవాళ్లు. అందరూ పొద్దున్నే ఊరు చూడటానికి పోతే ఆమె పొయ్యి ముందు కూర్చునేది. మొదటి ఏడు, నేనూ ఒకసారి ఆ తోటలు చూసి వస్తానబ్బా అని అడిగింది.

“అవన్నీ ఊరికి దూరం వదినా. బస్సులో పోయి రావాల. నలుగురిలో తిరిగొస్తే మడి యాడ నిలుస్తాది?” అన్నాడు ముకుందం.

సొంత మనిషి మాట. ఆమె మళ్లీ అడగలేదు. అలా ఏళ్లు గడిచాయి.

ఎనభై మూడులో అనుకుంటాను, ఆమె పక్కింటి కల్యాణవల్లి కూడా ఆ బస్సులో పోయింది. గోల్కొండ చూసి వచ్చిన రోజు సాయంత్రం, వడ్డన అవుతుండగా ఒకటే కబుర్లు. కోట వాకిట్లో చప్పట్లు కొడితే కొండ మీద వినపడిందట. పెరుందేవమ్మ సాంబారు గరిటె పట్టుకుని నిలబడి వింటోంది. కల్యాణవల్లి ఆమె వైపు తిరిగి నవ్వింది.

“నువ్వు ఏటా వస్తావు గదక్కా. నీకు ఇవన్నీ సూసి సూసి విసుగు పుట్టుంటాది.”

పెరుందేవమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి పోయింది. ఆ రాత్రి ఆమె తినలేదు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, వంటగదికి తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకుంది. బస్సెక్కి డ్రైవరు వెనుక సీట్లో కూర్చుంది. ముకుందం పరుగున వచ్చాడు.

“ఏం వదినా, పొయ్యి వెలిగించినట్టు లేదే?”

“ఈ పొద్దు వంట లేదు. నేనూ వస్తా ఉండాను.”

“నవ్వులాటనా? మడి వంటకని పిల్చుకొస్తిని నిన్ను.”

“ఇంతమంది ఎక్కిన బస్సులో అండాల నడుమ కూర్చోబెట్టి తెచ్చినావే, అప్పుడు యాడికి పోయింది మీ మడి? పొయ్యి కాడ తప్ప ఇంకెక్కడా అది గుర్తుకు రాదా నీకు?”

సంపత్కుమార్ అనే రిటైరైన ఆఫీసరు వెనక నుంచి, మరి మా భోజనం మాటేమిటని అడిగాడు. ఊరినిండా హోటళ్లే గదా అంది ఆమె, అతని వైపు తిరక్కుండానే. ఎవరూ ఆమెను చేయి పట్టుకుని దించలేకపోయారు. బస్సు కదిలింది.

కదిలి, వీధి చివర మలుపు తిరిగి, ఒక పొడవాటి గోడ వెంబడి కొంచెం దూరం పోయి ఆగింది. పబ్లిక్ గార్డెన్స్, దిగండి అని డ్రైవరు కేకేశాడు.

పెరుందేవమ్మ దిగి ఆ గోడను చూసింది. అది ఆమెకు తెలిసిన గోడే. ఏటా ఆ గోడ పక్కనున్న తోపుడుబండి దగ్గరే ఆమె కరివేపాకు కొనేది. గోడ అవతల ఏముందో ఎవరూ చెప్పలేదు. ఆమెకు కన్నడమూ తమిళమూ వచ్చు గాని, ఆ బండివాణ్ణి అడిగేందుకు ఉర్దూ రాదు. ముకుందం వైపు తిరిగింది.

“దూరమన్నావే, ముకుందం. బస్సులో పోవాలంటివే.”

అతను టిక్కెట్ల మనిషిలా జనాన్ని లోపలికి తోలుతూ ముందుకు పోయాడు.

లోపల పచ్చిక, గులాబీలు, నీళ్లలో తామరలు. అందరూ బాగుంది బాగుందన్నారు. ఆమెకు మాత్రం ప్రతి పూవూ కడుపు మండించింది. అన్నం వార్చి, అది ఉమ్మగిల్లే లోపల వచ్చి చూసి పోగలిగినంత దగ్గర. ముకుందం ఈల వేస్తే అందరూ బస్సెక్కారు. ఆమె ఎక్కలేదు. పొద్దు వాలేదాకా ఆ తోటంతా తిరిగి, ఎవరినీ దారి అడగకుండా నడిచి సత్రానికి వచ్చేసింది.

హోటలు తిండి పడక అందరూ చిరచిరలాడుతున్నారు. నా పరువు తీశావని ముకుందం అరిచాడు. ఆమె బొడ్లోంచి తాళంచెవి తీసి అతని ముందు పడేసింది. “బియ్యం ఉండాయి, పప్పు ఉండాది. వండుకోండి.” ఆ పూట కల్యాణవల్లి, మరో ఇద్దరు ఆడవాళ్లు పొగలో కళ్లు తుడుచుకుంటూ వండారు. తిరుగు ప్రయాణంలో పెరుందేవమ్మ ముందు సీట్లోనే కూర్చుంది.

మరుసటి దసరాకు ముకుందం ఇంటికి వచ్చాడు. వేరే వంటవాడు కుదరలేదు. ముందు సీటు ఇస్తాను, అన్నీ చూపిస్తాను అన్నాడు.

“అంత దగ్గర ఉండేదాన్ని దూరమని ఎందుకు చెప్పినావు? అది చెప్పు, వస్తాను.”

అతను కాఫీ కూడా తాగకుండా పోయాడు. ఆమె మళ్లీ అతనికి వండలేదు.

గోల్కొండ మాత్రం చూసింది. కొన్నేళ్ల తరువాత, రేణిగుంటలో ఉండే చెల్లెలు పద్మాక్షిని వెంటబెట్టుకుని రైల్లో పోయింది. సగం మెట్లు ఎక్కాక మోకాళ్లు పట్టేశాయి. ఇక్కడ కూర్చుని చూసినా చాలుగదక్కా అంది చెల్లెలు.

“కాళ్లు బాగుండే రోజుల్లో వాడు నన్ను పొయ్యి కాడ కూర్చోబెట్టినాడు. ఇప్పుడు నువ్వు ఈడ కూర్చోమంటావా?”

పద్మాక్షి చెయ్యి అందించింది. పెరుందేవమ్మ ఒక్కో మెట్టు దగ్గర ముకుందాన్ని తిట్టుకుంటూ పైదాకా ఎక్కింది.