గీత కిందికి జారిన సంతకం

2011 అక్టోబరు 16, ఆదివారం. మా మనవరాలు పోయి పన్నెండు రోజులైంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. డెంగీ జ్వరం. సంఘ పత్రికకు నాలుగు మాటలు రాయమని పాస్టరుగారు అడిగారు. ఎల్లుండి నా కొడుకు సెలవు ముగించుకుని పటాలానికి వెళ్లిపోతాడు. ఆలోగా అతనికి చెప్పవలసినది ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అందుకే ఈ రోజే రాస్తున్నాను.

నా భర్త హవల్దారు. కొడుకు సుబేదారు. మనవరాలు మిలిటరీ ఆసుపత్రిలో పుట్టి, కంటోన్మెంట్లలో పెరిగింది. ఆరు బడులు మారింది. వాళ్ల నల్ల ట్రంకుపెట్టె మీద పాత ఊరి పేరు కొట్టేసి కొత్త ఊరి పేరు రాయడం చిన్నప్పటి నుంచీ ఆమె పనే. ఏ ఊళ్లో దిగినా ముందు ప్రార్థన ఎక్కడ జరుగుతుందో వెతికేవారు. ఒకచోట చర్చి లేక, రేషన్ స్టోరులో బియ్యం బస్తాల మధ్య క్రిస్మస్ చేసుకున్నారట. చదువు కోసం ఎల్‌బీనగర్‌లో నా దగ్గరికి వచ్చేటప్పటికి ఆమెకు పాటలన్నీ హిందీలోనే వచ్చు. తెలుగు పాటలు నేను నేర్పాను.

దిల్‌సుఖ్‌నగర్ కాలేజీలో తోటి పిల్లలు, "నీది ఆంధ్రనా, తెలంగాణనా?" అని అడిగారట. "మా తాతది నల్లగొండ. నాదైతే ట్రంకుపెట్టె దించిన కాడ" అందట. మర్నాడు వాళ్లతో పాటు ర్యాలీలో నడిచి వచ్చింది.

"నానమ్మా, ఒక్కరికి గూడ లెఫ్ట్ రైట్ రాదు. ఎట్ల ఒస్తది తెలంగాణ?" అని పడి పడి నవ్వింది.

మా ఇంట్లో పొద్దున ఐదున్నరకు హాజరు. నా భర్త పెట్టిన పద్ధతి. వరసగా నిలబడి, పేరు పిలిస్తే "హాజర్" అని, పుస్తకంలో సంతకం చేసి, అప్పుడు ప్రార్థన. ఆయన పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. అయినా నేను పేరు పిలిచేదాన్ని, ఆమె పలికేది. ఒంట్లో బాగా లేకపోతే హాజరుకు ముందే చెప్పాలి. పటాలంలో దాన్ని సిక్ రిపోర్ట్ అంటారు. సంతకం చేశాక ఆ రోజుకు ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి తెచ్చుకునే పిల్లల కోసం పెట్టిన నియమం అది.

"ప్రభువు దగ్గరికి రోగమొచ్చినోళ్లు పోతే టైమెంతయిందని అడిగిండా నానమ్మా?" అనేది.

"ఆయన నీ లెక్క ఐదింటి దాంక పండుకోలె" అనేదాన్ని.

ఈ నెల ఒకటిన, శనివారం, ఆమె సంతకం గీత మీద నిలవలేదు. "గీత మీద రాయరాదూ" అని కసిరాను. ప్రార్థన అయ్యాక గోడకు ఆనుకుని అంది. "నానమ్మా, మూడు దినాలాయె జ్వరం. కడుపుల గూడ నొస్తుంది."

"సంతకం పెట్టినంక సిక్ రిపోర్ట్ లేదు. గోలీ ఏసుకో. రేపు పొద్దుగాల చెప్పు."

సరేనని గోలీ వేసుకుంది. సిపాయి బిడ్డ.

ఆదివారం నేను పుస్తకం తెరవకముందే తలుపు పట్టుకుని నిలబడింది. "సిక్ రిపోర్ట్, నానమ్మా. టైముల్నే ఉన్న గద?" అంది. పెదవులు తెల్లబడి ఉన్నాయి.

తెలంగాణ కోసం సమ్మె. బస్సులు లేవు. ఒక్క ఆటో దొరకలేదు. పక్కింట్లో గుంటూరు నుంచి వచ్చిన లెక్కల మాస్టారు ఉంటారు. "పిన్నిగారూ, మీరు పాపను పట్టుకోండి, నేను కారు తీస్తాను" అన్నారు. చౌరస్తాలో కుర్రాళ్లు అడ్డం వచ్చారు. లోపలికి తొంగి చూసి, "దవాఖానకురా బై! జరగుండ్రి!" అని అరిచి, తామే ముందు పరుగెత్తి దారి చేశారు. దారిలో ఎవరూ మమ్మల్ని ఒక్క నిమిషమైనా ఆపలేదు. డాక్టరు మాత్రం, "నిన్న తీసుకొచ్చి ఉండాల్సింది" అన్నాడు. మంగళవారం పోయింది.

సమాధి దగ్గర అందరూ, "బంద్ మింగింది బిడ్డను" అన్నారు. నేను కాదనలేదు. నా కొడుకు నా చేతులు పట్టుకుని, "నువ్వు ఉన్నవనే ధైర్యంతోనే బిడ్డను ఈడ ఇడిసిన అమ్మా" అన్నాడు. అప్పుడూ నోరు విప్పలేదు. రోజూ ప్రార్థనకు కూర్చుంటున్నాను. మాట రావడం లేదు. ఆసుపత్రిలో చేసిన ప్రార్థన ప్రభువు విన్నాడో లేదో తెలియదు. శనివారం ఆమె చెప్పినప్పుడు నేనూ విన్నాను కదా!

ఇక జరగవలసినవి:

1. ఇది పాస్టరుగారికి ఇచ్చే ముందు నా కొడుకుకు, కోడలికి నేనే చదివి వినిపించాలి. వాళ్లు ఏమన్నా తల వంచి వినాలి.

2. సమ్మె వల్ల పోయిందని ఇకపై ఎవరూ అనకూడదు. శనివారం ఆటోలు తిరిగాయి.

3. చర్చి ఆదివారం బడిలో పిల్లల హాజరు ఇన్నాళ్లూ నేను తీశాను, ఇక మరొకరు తీయాలి. ఒంట్లో బాగాలేదని ఏ బిడ్డ ఎప్పుడు చెప్పినా నమ్మాలి.

4. మా ఇంటి హాజరు పుస్తకాన్ని ఎవరూ పారేయకూడదు, దిద్దకూడదు. చివరి సంతకంలో మొదటి అక్షరం గీత మీదే ఉంది. రెండోది గీతను తాకుతోంది. మిగిలినవన్నీ ఒకదాని వెంట ఒకటి జారి, కింది ఖాళీ గడిలోకి, ఆదివారంలోకి వెళ్లిపోయాయి.