తుర్కపల్లిలో రెండు భోజనాలు

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసి, వచ్చే వారం తుర్కపల్లి వెళ్తున్నాననీ, అక్కడ ఎక్కడ తింటే బాగుంటుందో చెప్పమనీ అడిగింది. మా కంపెనీకి సరుకు పంపే ఫ్యాక్టరీలకు వెళ్లి, అన్నీ సవ్యంగా ఉన్నాయో లేదో చూసి, తప్పులు రాసిపెట్టే ఉద్యోగం నాది. ఆడిటర్ అంటారు. రెండేసి రోజుల ఈ ప్రయాణాల్లో ఊరు చూడ్డం కుదరదు. లాడ్జి, క్యాబ్, ఫ్యాక్టరీ, మళ్లీ లాడ్జి. ఊరంటూ నాకు దక్కేది పళ్లెంలోనే. అందుకే ఎక్కడికి వెళ్లినా ముందు తిండి సంగతి కనుక్కుంటాను. మా ఆవిడైతే, "మీరు వెళ్లేది ఆడిట్లకా, విందులకా?" అంటుంది. ఆ అమ్మాయికి మేడ్చల్ బస్టాండు దగ్గర పొద్దున్నే దొరికే ఇడ్లీ గురించీ, అల్వాల్‌లో ఒక చిన్న మెస్ గురించీ ఉత్సాహంగా చెప్పాను. ఆ చుట్టుపక్కల నేను అన్నిటికంటే రుచిగా తిన్న భోజనం గురించి మాత్రం చెప్పలేదు. దాని గురించి చెబితే నేను చేసిన పని కూడా చెప్పాలి.

ఆరేడేళ్ల కిందటి మాట. తుర్కపల్లిలో ఒక ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆడిటర్‌కి పెట్టే మధ్యాహ్న భోజనం దేశమంతా ఒకటే. కాన్ఫరెన్స్ రూములో ఏసీకి చల్లారిపోయిన పనీర్ కూర, సాగదీస్తే తప్ప తెగని రొట్టె, చివర్లో ఓ గులాబ్ జామూన్. మొదటి రోజు దాన్ని చూడగానే నాకు ఆకలి చచ్చిపోయింది. షుగరుంది, కాసేపు నడవాలని చెప్పి బయటపడ్డాను. స్టోర్సు వెనక్కి తిరిగేసరికి చింతపండు పులుసు వాసన తగిలింది. నీళ్ల ట్యాంకు నీడలో హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు నలుగురు డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. నేను చూడనట్టు నటించాను కానీ, తిండి విషయంలో నాకు నటన చేతకాదు. వాళ్లలో పెద్దావిడ, యాభై దాటి ఉంటాయి, నన్ను చూసి నవ్వింది.

"గా చల్లటి అన్నం ఏం తింటరు సారూ. కూసోండ్రి. జొన్నరొట్టె ఉన్నది, చాపల పులుసున్నది. ఎంగిలి గాదు" అంది.

ఆమెది లాల్‌గడి మలక్‌పేట్. భర్త శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. మాది గోదావరి పక్క. చేపల పులుసు గురించి ఇంకెవరైనా మాట్లాడితే లోలోపల నవ్వుకునే రకం మేము. పైగా పులుసులోకి జొన్నరొట్టె ఏమిటనుకున్నాను. ఆమె డబ్బా మూత మీద రొట్టె పెట్టి, దాని మీద పులుసు పోసింది. నిన్నటిదట. ముక్క పులుపు పీల్చుకుని ఉంది, మెంతుల వాసన ముందు ముక్కుకి, తర్వాత గొంతుకి తగిలింది. రొట్టె అంచు కరకరలాడుతోంది, మధ్యలో పులుసుకి నాని మెత్తబడింది. ఇంక ఆ పూట గోదావరి పక్షాన నేనేమీ మాట్లాడలేదు. రెండో రొట్టె కూడా తిన్నాను. అది ఆమె వంతు రొట్టె అని నాకు తట్టింది, తిన్న తర్వాత. రేపు మీకు వేరే డబ్బా తెస్తానని ఆమె అంటే, వద్దమ్మా అన్నాను గానీ, వద్దన్న తీరు తెమ్మన్నట్టే ఉండి ఉంటుంది.

మర్నాడు నిజంగానే తెచ్చింది. మూతకి పసుపుపచ్చ రబ్బరు బ్యాండు వేసిన స్టీలు డబ్బా. ఈసారి ముక్కలు పెద్దవి. వేళ్లు నాక్కుంటూ తిన్నాను.

ఆ సాయంత్రం క్లోజింగ్ మీటింగు. మేం కనిపెట్టిన తప్పుల్ని అబ్జర్వేషన్లు అంటాం. అప్పటికి నా దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి అతికించని లేబుల్, ఇంకొకటి తనిఖీ గడువు దాటిన థర్మామీటరు. రెండు రోజులు తిరిగి రెండే రాస్తే మా బాసు ఊరుకోడు, వెళ్లి నిద్రపోయి వచ్చావా అంటాడు. మూడైనా ఉండాలన్నది మాలో ఎవరూ పైకి చెప్పని లెక్క. ఆ పొద్దున తనిఖీలో, చీపుళ్లూ ఫినాయిళ్లూ పెట్టే గది చూశాను. ఫినాయిలు డబ్బాల పైన, గోడ అరలో, ఒక స్టీలు డబ్బా ఉంది. మూతకి పసుపుపచ్చ రబ్బరు బ్యాండు. అది ఎవరిదో, ఎవరి కోసమో నాకు తెలుసు. తెలిసే రాశాను. 'రసాయనాలు ఉంచే గదిలో ఆహార పదార్థాలు' అని, ఎంచక్కా, తేదీ, సమయంతో సహా. ఆ డబ్బాలోది అప్పటికి నా కడుపులో ఉంది.

మూడు వారాలకు వాళ్ల జవాబు వచ్చింది. ఖాళీ చేసిన అర ఫొటో, గోడకి కొత్తగా కట్టిన బోర్డు ఫొటో, కింద ఒక వాక్యం. సంబంధిత కాంట్రాక్టు కార్మికురాలిని విధుల నుంచి తొలగించామని. దాన్ని ఆమోదించడమో, ఒప్పుకోకపోవడమో నా చేతిలో ఉంది. మనిషిని తీసేయనక్కర్లేదు, డబ్బాలు పెట్టుకోవడానికి వాళ్లకు ఒక అర ఇవ్వండి అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. ఇలాంటి ముక్కలు ఎన్నోసార్లు రాసినవాణ్ణే. కానీ ఆమె మీద ఇంత పట్టింపు ఎందుకని ఎవరైనా అడిగితే? ఆడిట్‌కి వెళ్లి అక్కడివాళ్ల చేతి తిండి తిన్నానని బయటపడితే? ఆమోదం నొక్కేశాను. సిగ్గులేకుండా టీ తాగడానికి వెళ్లాను.

నాలుగు నెలల తర్వాత మళ్లీ అటు పని పడింది. తిరుగు ప్రయాణంలో క్యాబ్‌ని లాల్‌గడి మలక్‌పేట్ మీదుగా పోనిమ్మన్నాను. ఊరి బయట కొత్తగా వేసిన ఇళ్ల స్థలాల వెంచర్‌లో, ఎర్రటి ఎండలో, మొక్కలకు నీళ్లు పోస్తూ ఆమె కనిపించింది. క్యాబ్ ఆపించి దిగాను. నన్ను చూసి బిందె దించి, కొంగుతో మొహం తుడుచుకుంది. తప్పించుకునే మాటలేవో వెతుక్కుంటున్నాను. వాటి అవసరం రాలేదు. అన్నీ తనే చెప్పింది. ఆడిట్‌కొచ్చిన పెద్దసార్లు ఎవరో రాశారట, కాంట్రాక్టరు మర్నాడే రావద్దన్నాడట.

"మీకని తెచ్చిన డబ్బనే సారూ. బయట వెడితె సీమలు వడ్తయని లోపట వెట్టిన" అంది. నన్ను నిందిస్తోందేమోనని మొహంలోకి చూశాను. అలాంటిదేమీ లేదు, ఆ రాసింది నేనై ఉంటానన్న అనుమానమే ఆమెకు రాలేదు. నాకు పెట్టిన తిండి వృథా కాలేదన్న తృప్తి మాత్రం ఉంది. అది చూసి నాకు ఇంకా తల వంగిపోయింది.

మోకాళ్లు నొప్పులట, ఇక్కడ రోజంతా ఎండలోనే పనట, ఫ్యాక్టరీలోనైతే నీడపట్టున ఉండేదట. "మీరు పెద్దోళ్లు గదా. ఒక్క మాట చెప్తె మళ్ల తీస్కుంటరేమో. చెప్తరా సారూ?"

ఆ రాసింది నేనేనమ్మా అని చెప్పాల్సిన చోటు అదే. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. "చూస్తానమ్మా" అన్నాను. ఆమె నమ్మింది. చేతులు జోడించబోతే చూడలేక, గబగబా వచ్చి క్యాబ్ ఎక్కాను.

చూడలేదు. ఎవరితోనూ ఒక్క మాట చెప్పలేదు. తర్వాత రెండుసార్లు తుర్కపల్లి పని వచ్చింది. రెండుసార్లూ నా బదులు వేరేవాళ్లను పంపించాను. నిజం చెప్పడానికి ఆ ఎండలో నాకు ఒక్క నిమిషం దొరికింది. ఆ తర్వాత గడిచిన ఇన్నేళ్లలో ఎన్ని నిమిషాలు పోగేసినా, అవన్నీ కలిసి ఆ ఒక్కదానికి సరిపోవడం లేదు.