సూర్యారావు బావ కారు, అత్త కట్టిన ముడుపు

నిన్న పొద్దున వర్క్‌షాప్ నుంచి ఫోన్ వచ్చింది. సూర్యారావు బావ పోయాడన్నారు. హార్ట్ ఎటాక్. షట్టర్ ఎత్తి, టీ చెప్పి, స్టూల్ మీద కూర్చున్నాడట. అంతే.

నేను "సరే" అని ఫోన్ పెట్టేశాను.

ఆ సరే ఏమిటో నాకే తెలీదు. తర్వాత పళ్లు తోముకున్నాను. షర్టు ఇస్త్రీ చేద్దామంటే కరెంటు లేదు. నలిగిందే వేసుకుని బయల్దేరాను.

ఇప్పటిదాకా ఏడుపు రాలేదు. ఏమీ అనిపించడం లేదు. అదే భయంగా ఉంది.

తెలియనివాళ్ల కోసం: బావ మా మేనత్త కొడుకు. ఇక్కడి బర్మా ఫ్రెండ్స్ తనని కో మ్యో అని పిలిచేవాళ్లు. అహ్లోన్ పేటలో చిన్న మెకానిక్ షాప్. పెళ్లి చేసుకోలేదు. ఇల్లు అదే ఊళ్లో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో; మూడో అంతస్తులో తను, అత్త, ఇద్దరే.

మనిషి నోరు విప్పేవాడు కాదు. కారు మాత్రం వీధి చివర తిరగ్గానే అందరికీ వినిపించేది.

ఆ కారు గురించి చెప్పాలి.

పాత జపాన్ కారు. అందులో ఒరిజినల్‌గా మిగిలినవి డోర్లూ హార్నూ మాత్రమేనని ఏడిపించేవాళ్లం. ఇంజన్ ఏదో వ్యాన్‌ది. దానికి రెండు పెద్ద కార్బ్యురేటర్లు. అత్తకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక, ముందు సీటు కూడా పీకేశాడు. సెలూన్ కుర్చీ కింద తిరిగే ప్లేటు ఉంటుంది కదా, అది తెచ్చి సీటు కింద వెల్డ్ చేశాడు. సీటు బయటికి తిరుగుతుంది, అత్త కూర్చుంటుంది, మళ్లీ లోపలికి తిప్పుతాడు.

అంతకుముందు టాక్సీ ఎక్కించబోతే కాలు లోపలికి రాక, నొప్పికి ఏడ్చి, ఇక ఇల్లు కదలనంది ఆవిడ. ఫిజియోథెరపీ అయినా, గుడి అయినా, ఈ కారు ఉంటేనే.

కిందటేడు ఆ కారు పొగ టెస్ట్‌లో ఫెయిల్ అయింది.

మామూలు ఫెయిల్ కాదు. నల్లటి పొగ. ఇన్‌స్పెక్టర్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, మళ్లీ ఇలాగే తెస్తే లైసెన్స్ రెన్యూ చేయనని, పాత ఇంజన్ పెట్టించుకోమని చెప్పాడు. పాత ఇంజన్ ఎప్పుడో పోయింది. కారు ఆగితే అత్త ఆ మూడో అంతస్తులో ఆగిపోయినట్టే.

ఆ ఆదివారం నేనూ షాప్‌కి వెళ్లాను. నా పని ఆక్సిలరేటర్ తొక్కడం. బావ టెయిల్‌పైప్‌లో గ్యాస్ మీటర్ పెట్టి చూడటం, వచ్చి పెట్రోలూ గాలీ పాళ్లు మార్చే మిక్స్చర్ స్క్రూ తిప్పడం, మళ్లీ వెళ్లి చూడటం. పెట్రోల్ ఎంత తగ్గించినా పొగ నలుపే. ప్లగ్గులు మార్చాడు. టైమింగ్ చూశాడు. కార్బ్యురేటర్ విప్పి కడిగి బిగించాడు. మీటర్ కదల్లేదు.

మధ్యాహ్నం అయ్యేసరికి బావ స్పానర్ నేలకేసి కొట్టాడు. ఎప్పుడూ చూడలేదు అలా.

చివరికి టార్చ్ నన్ను పట్టుకోమని, వెనక కార్బ్యురేటర్ అడుగుకి, కంటికి కనపడని సందులోకి చెయ్యి దూర్చాడు. గాలి పీల్చే నోటికి ఏదో అతుక్కుని ఉంది. లాగాడు.

పసుపు గుడ్డ. నూనెకి నల్లబడిపోయింది. విప్పితే బియ్యం గింజలు, మడత పెట్టిన చిన్న నోటు.

ముడుపు.

కారు టెస్ట్ పాస్ కావాలని అత్త అమ్మవారికి మొక్కి, ఎప్పుడో బావ బానెట్ తెరిచి పెట్టి చేతులు కడుక్కోడానికి వెళ్లినప్పుడు, కారు ఆనుకుని నిలబడి పైన పైపుకి కట్టేసి ఉంటుంది. అది జారితే ఇంజన్ లోపలికి పీల్చుకుంది, గాలికి అడ్డం పడింది. పాస్ కావాలని కట్టిందే ఫెయిల్ చేయించింది.

బావ నేల మీద కూలబడి నవ్వాడు. కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాడు. తర్వాత ఆ గుడ్డని చాలాసేపు చూశాడు.

"అమ్మకి సెప్పకు బావా. ఎడం సేత్తో, పళ్లతో లాగి కట్టుంటాది. అందుకే ఒదులైపోనాది."

అప్పటిదాకా చేసిన సెట్టింగులన్నీ వేస్ట్. గాలి బాగా అందేసరికి ఇంజన్ దగ్గడం మొదలెట్టింది. మళ్లీ మొదటినుంచి ట్యూన్ చేశాడు. ఈసారి విసుక్కోలేదు.

టెస్ట్ పాస్ అయింది. ఇన్‌స్పెక్టర్‌కి నమ్మకం కుదరక ఇంజన్ ఇంకోసారి రేజ్ చేయించి చూశాడు. ఇంటికెళ్లి చెబితే, అమ్మోరే పాస్ చేయించిందని అత్త ఒకటే సంబరం. బావ బుద్ధిగా తలూపాడు. నూనె మరకలకి గుడ్డ మార్చానని మాత్రం చెప్పి, ఆ ముడుపు కొత్త పసుపు గుడ్డలో కట్టి, ఆవిడని గుడికి తీసుకెళ్లి, ఆవిడ చేతే అమ్మవారికి ఇప్పించాడు. నన్ను చూసి కన్ను కూడా కొట్టలేదు. అదీ బావ.

నిన్న సాయంత్రం.

మా ఇళ్లల్లో ఆడవాళ్లు శ్మశానానికి రారు. అత్త వస్తానంది. పెద్దవాళ్లు వద్దన్నారు. ఆవిడ వాళ్లతో వాదించలేదు. నన్ను పిలిచి కిందికి దించమంది, కారు తీయమంది.

మెట్ల మీద ఎత్తుకుని దించాం. సీటు తిప్పి కూర్చోబెట్టాను. ఆ క్లచ్ ఎంత గట్టిదో నిన్నే తెలిసింది. మొదటి మలుపులోనే కారు ఆగిపోయింది.

శ్మశానం గేటు బయట ఆపి, తాళం తిప్పబోయాను. ఎడం చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"ఇంజన్ ఆపకురా. నానొచ్చినట్టు ఆడికి తెలియాల."

ఆపలేదు. లోపల అంతా అయ్యేదాకా నడుస్తూనే ఉంది. ఆవిడ ముందుకే చూస్తూ కూర్చుంది. నేను డాష్‌బోర్డ్ మీటర్ల వైపు చూస్తూ కూర్చున్నాను.

వెళ్లిరా బావా. అత్తని నేను తిప్పుతాను, క్లచ్ అలవాటు చేసుకుంటాను. ఆవిడ గురించి బెంగ పెట్టుకోకు. నిమ్మళంగా ఉండు.