పారలు పట్టుకొని దానానికి

ఆ రోజుల్లో మా ఫ్యాక్టరీ వాళ్లం నెలకో ఆదివారం ఏదో ఒక బస్తీకి శ్రమదానానికి వెళ్లేవాళ్లం. ఒకసారి ఉప్పుగూడ స్టేషన్ వెనక, పూడిపోయిన మురుగు మోరీ తీయడానికి పారలు, తట్టలతో దిగాం. గల్లీ మొదట్లోనే బర్రెల కొట్టం ముందు ఒక అవ్వ కూర్చుని ఉంది.

"ఏంది బిడ్డా, గింతమంది వచ్చిన్రు?" అంది.

"శ్రమదానానికి వచ్చినం అవ్వా," అన్నాడు మా ఫోర్‌మన్, మీటింగులో మాట్లాడినట్టు గొంతు పెంచి.

అవ్వకు చివరి ముక్కే వినిపించినట్టుంది. లోపలికి వెళ్లి చాటెడు బియ్యం తెచ్చింది. మమ్మల్ని ఎగాదిగా చూసి, "దానమడిగేటోళ్లకు పారలెందుకు బిడ్డా?" అంది.

నాకు ఒళ్లు మండింది. "మేం అడుక్కునేటోళ్లం కాదవ్వా, నౌకరీ చేసేటోళ్లం! మీ మోరీ సాఫ్ చేసి పోతం," అన్నాను.

"గట్లనా? అయితే చెయ్యున్రి," అని మంచం గల్లీలోకి లాక్కుని కూర్చుంది. కూర్చుని ఊరుకుందా? "ఆ బురద నా బర్రెల దిక్కు వెయ్యకు!" అని నా మీదే లొల్లి. మధ్యాహ్నానికి మోరీలో నీళ్లు కదిలాయి. అవ్వ ఆ బియ్యమే వండించి, గడ్డపెరుగు వేసి, మా అందరికీ కడుపునిండా పెట్టింది.

మరుసటి వానాకాలం ముందు మళ్లీ వెళ్లాం. దూరం నుంచే మమ్మల్ని చూసి, "దానమడిగేటోళ్లు వచ్చిన్రు, పొయ్యి ముట్టియ్యున్రి!" అని అవ్వ కోడళ్లను కేకేసింది. "శ్రమదానం అవ్వా" అని సరిదిద్దబోయిన ఫోర్‌మన్ చెయ్యి పట్టుకొని ఆపాను.

"ఊకో అన్నా, పెరుగన్నం పోతది."